బసవణ్ణి మార్చాలా, వద్దా? మహానంది దారిలో బండలాగుడు పోటీ చూసిన రోజు

మా మరదలు ఫోన్ చేసి ఏడ్చినంత పని చేయడంతో ఈ ప్రయాణం మొదలైంది. మా పుట్టిల్లు జమ్మలమడుగు పక్కన ఒక మగ్గాల ఊరు. నేను కడపలో ఉద్యోగం చేసుకుంటున్నా, తమ్ముడు ఓబులేసు మాత్రం అక్కడే నూలు చీరలు నేస్తాడు. "వదినా, మగ్గం మీద చీర ఎట్లున్నది అట్లే ఉండాది. పొద్దస్తమానం ఫోన్ పట్టుకొని ఎవరివో ఎద్దుల గురించి కొట్లాడుతాండాడు. నువ్వన్నా గడ్డి పెట్టు" అంది. గడ్డి పెడదామనే వాడికి ఫోన్ చేశాను. వాడు నా మాట వింటేగా! "అక్కా, ఒక్కసారి వచ్చి సూడు. సూసినాక ఎంతైనా తిట్టు, పడతా" అన్నాడు. సరే, తిట్టడానికైనా చూడాలి కదా అని ఆదివారం పొద్దున్నే కడపలో నంద్యాల బస్సెక్కాను.

ఈ దారిలో వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక మాట. ఎండ ఎక్కకముందే బయలుదేరే బస్సు పట్టుకుంటే మైదుకూరు, ఆళ్ళగడ్డ మీదుగా మూడు గంటల్లో నంద్యాలలో దిగొచ్చు. టికెట్టు రెండు వందల చిల్లర. కుడివైపు కిటికీ పక్కన కూర్చోకండి, నిద్రమత్తు వదిలేలోపే ఎదురు బస్సుల దుమ్మంతా మీ మొహం మీదే. మైదుకూరులో మా వాడు ఎక్కాడు. పక్కన కూర్చున్న క్షణం నుంచి మొదలు! శివరాత్రి తిరునాళ్ళ తర్వాత మహానంది వైపు ఊళ్ళలో బండలాగుడు పోటీలు పెడతారు. జత ఎద్దులకు పెద్ద రాతిబండ కట్టి, ఈ కొస నుంచి ఆ కొసకు లాగించి, తిప్పి మళ్ళీ వెనక్కి లాగిస్తారు. ఇచ్చిన సమయంలో ఏ జత ఎక్కువ దూరం లాగితే దానిదే గెలుపు. మా వాడి ఆరాధ్య దైవాలు నంద్యాల దగ్గరి గోపాయపల్లె రైతు మద్దిలేటి ఎద్దులు. కుడి పక్కన కట్టేది చుక్కడు, ఎడమ పక్కన కట్టేది బసవడు.

"పోయినేడు ఈ జతకు తిరుగు లేదక్కా. ఈ యేడు ఏమైనాదో ఏమో, వరసగా మూడు పోటీల్లో ఓడినాం. అంతా బసవని వల్లే. ఇంటి కాడ పొలంలో బండ కడితే రైలింజను మాదిరి లాగుతాడు. పోటీలో జనాన్ని సూస్తానే నీరుగారిపోతాడు. వాన్ని పక్కన పెట్టి వేరే ఎద్దును తేవల్ల" అన్నాడు. ఇంకొకరి ఎద్దును తెచ్చి జత కలపడం ఈ పోటీల్లో మామూలేనట. దాన్ని కంబైండ్ జత అంటారట. కాకపోతే ఏ మార్పయినా చీటీలు తీసేలోపే చెప్పాలి. చీటీ తీసి వరస నంబరు వచ్చాక బ్రహ్మదేవుడు దిగొచ్చినా ఎద్దును మార్చనివ్వరు. ఆ చీటీలు మధ్యాహ్నం తీస్తారు కాబట్టి ఈ గొడవంతా ఆ లోపలే తేలాలి. "మరి నువ్వేం చేస్తావురా అక్కడ?" అంటే, "నేనా! ఈల వేస్తానక్కా. మా మందిలో నా ఈలే ఫస్టు" అని నాలుగు వేళ్ళు నోట్లో పెట్టుకోబోయాడు. కండక్టర్ చూసిన చూపుకు ఆగాడు గానీ, లేకపోతే బస్సంతా లేచి కూర్చునేదే.

నంద్యాల బస్టాండు బయట బండి దగ్గర ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. ప్లేటు యాభై రూపాయలు. ఉగ్గాని అంటే నానబెట్టిన బొరుగులకు పెట్టే తాలింపు, కానీ అలా రాస్తే దానికి అన్యాయం చేసినట్టే. బండి నడిపే ఆమె "ఇంకో బజ్జీ ఎయ్యాలా అక్కా? కారం తక్కువదే" అని వేసింది. ఆ తక్కువ కారానికే నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పోటీ జరిగేది మద్దిలేటి ఊరు గోపాయపల్లెలోనే. అక్కడికి ఇద్దరికీ కలిపి మూడొందలకు ఆటో మాట్లాడుకున్నాం. మహానంది షేర్ ఆటో ఎక్కి అడ్డరోడ్డులో దిగితే ఇంకా చవక, అక్కడి నుంచి కాస్త నడవాలి. ఆటో డ్రైవర్ మస్తాన్‌కు యాభై దాటి ఉంటాయి. ఓబులేసును చూడగానే గుర్తుపట్టాడు. ఆయన కూడా మద్దిలేటి ఎద్దుల అభిమానే, కాకపోతే బసవడి పార్టీ.

"ఏమప్పా ఓబులేసూ, ఇంకా మార్చల్ల మార్చల్ల అంటాండావా? జతంటే సైకిల్ చక్రమా, ఒకటి పోతే ఇంకోటి బిగించనీకి?" అన్నాడు బండి స్టార్ట్ చేస్తూనే.

"మూడుసార్లు ఓడినాక కూడా మార్చకుంటే ఎప్పుడు మారుస్తాం భాయ్? కర్నూలు ఆసామి తెల్లెద్దు వచ్చిందంట. కలుపుతే కొట్టేస్తాం."

"కలుపుతే గెలుపు ఆయనది. మద్దిలేటి పేరు ఆయన పేరు కింద రాస్తారు. అంతే నీకు దక్కేది."

ఊరొచ్చేదాకా ఇదే. ఒకరు చెప్పేది ఒకరు వినరు, ఆటో మాత్రం గుంతలన్నీ వెతుక్కుంటూ పోయింది. దిగాక మస్తాన్ నా దగ్గర డబ్బులు తీసుకుని, ఆటోను చెట్టు కింద పెట్టేసి మా కంటే ముందు లోపలికి నడిచాడు. ఆ పూటకు ఆయన బాడుగలు అయిపోయినట్టే.

పోటీ జరిగే మైదానం పక్కన వేపచెట్ల నీడలో ఎద్దుల్ని కట్టేశారు. బసవణ్ణి చూసి నేను మనసు పారేసుకున్నానని ఒప్పుకుంటున్నాను. బూడిద రంగు, పెద్ద మూపురం, నిదానమైన కళ్ళు. వాడి మెడ కింద చెయ్యి వేసి మద్దిలేటి భార్య లక్ష్మీదేవి కూర్చుని ఉంది. చుట్టూ ముప్పై మంది దాకా మగవాళ్ళు గుంపుకట్టి అరుచుకుంటున్నారు. మధ్యలో మద్దిలేటి తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ నిలబడ్డాడు. ఖద్దరు చొక్కా వేసుకున్న కర్నూలు ఆసామి కుర్చీలో కూర్చుని, "నిదానంగా ఆలోచించుకోప్పా, నాకేం తొందర లేదు. చీటీలకే తొందర" అన్నాడు నవ్వుతూ. ఒకడు ముసలిదైపోయింది అంటాడు, ఇంకొకడు దిష్టి తగిలింది అంటాడు, మరొకడు పిరికి ఎద్దు అనేశాడు. అందరికంటే గట్టిగా అరుస్తున్నది ఎవరనుకున్నారు? మా వాడే. ఇంట్లో భార్య ముందు నోరు పెగలని మనిషి!

నేను వెళ్ళి లక్ష్మీదేవి పక్కన కూర్చున్నాను. "నువ్వేమంటావమ్మా?" అని అడిగాను. మెల్లగా అంది. "మా ఇంట్లో పుట్టినోడు ఈడు. ఈ పొద్దు పక్కన పెడితే ఇంక ఎవరూ పోటీకి పిలవరు. ఊరికే కట్టేసి ఉలవలు పెట్టే స్తోమత మాకు యాడిది? సంతకే పోతాడు." చెబుతూ బసవడి చెవి నిమిరింది. పొద్దున్నుంచీ నవ్వులాటగా విన్న గొడవ కాస్తా అక్కడితో నవ్వులాట కాకుండా పోయింది.

గుంపు ఒత్తిడికి మద్దిలేటి దాదాపు లొంగిపోయాడు. "సరే, నీళ్ళు తాపి వస్తా. వచ్చి చెప్తా" అని బకెట్టు తీసుకుని మా వైపు వచ్చాడు. బసవడి ముందు పెట్టి, పెదాలు ముడిచి సన్నగా, సాగదీసి ఈల వేశాడు. అప్పటిదాకా మోర తిప్పుకుని ఉన్న ఎద్దు వెంటనే తల వంచి గుటగుటా తాగడం మొదలుపెట్టింది. ఊళ్ళలో చాలామంది పశువులకు నీళ్ళు పెడుతూ ఈల వేయడం నేను చూశాను గానీ, ఎందుకో ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు అడిగాను.

"దూడప్పటి నుంచి అలవాటక్కా. ఈల ఏస్తేనే తాగుతాడు. ఎంత పనిలో ఉన్నా ఈల ఇనపడితే నిలబడి బకెట్టు కోసం సూస్తాడు" అన్నాడు మద్దిలేటి.

"చుక్కడో?"

"వాన్ని పోయినేడు సంతలో కొన్నాం. వానికి ఈ సోకులేం లేవు."

నేను తలెత్తి మా తమ్ముణ్ణి చూశాను. నా వెనకే నిలబడ్డాడు. "ఓబులేసూ, మీ గుంపు ఈలలు ఎప్పటి నుంచి వేస్తోందిరా?" అన్నాను. "ఈ యేడే... పోయినేడు మేం లేము" అన్నాడు. గబగబా చెట్టు వెనక్కి వెళ్ళి, అక్కడి నుంచి నాలుగు వేళ్ళతో ఒక్క ఈల వేశాడు. నీళ్ళు తాగేసి నెమరు వేస్తున్న బసవడు టక్కున ఆగి, ఖాళీ బకెట్టు వైపు మోర చాచి నిలబడ్డాడు. చుక్కడు చెవి కూడా కదపలేదు.

"ఓరి మీ ఈలలు కాలిపోనూ!" అంది లక్ష్మీదేవి. కోపంగా మొదలుపెట్టిన మాట నవ్వులోకి తిరిగింది. మూడు పోటీల్లో మైదానం మధ్యలో బండ లాగుతున్న ఎద్దును పట్టుకుని, వీళ్ళంతా చుట్టూ చేరి "నిలబడు నాయనా, నీళ్ళు తాగు" అని పిలిచారన్నమాట! పైగా నిలబడినందుకు పిరికి ఎద్దు అని తిట్టిపోశారు.

మైకులో చీటీల పిలుపు వినపడింది. మా వాడు పరుగెత్తుకుంటూ గుంపు మధ్యలోకి వెళ్ళాడు. పొద్దున్నుంచీ మార్చాలని గొంతు చించుకున్నవాడే, ఇప్పుడు అందరి ముందూ చెంపలు వేసుకుని, "తప్పు బసవనిది కాదప్పా, మనది. నాది" అన్నాడు. ముందు ఎవరూ నమ్మలేదు. ఒక్కొక్కరినీ లాక్కొచ్చి చూపించాడు. మస్తాన్ మాత్రం తలపట్టుకుని, "ఈ సంగతి పక్క జతలోళ్ళకు తెలిస్తే మన పని అయిపోయినట్లే. వాళ్ళూ ఈల ఏస్తారు. ఎవరూ నోరిప్పొద్దు" అన్నాడు. మద్దిలేటి కర్నూలు ఆసామికి దండం పెట్టి, "ఏమనుకోవద్దన్నా, నా జత నాకే ఉండనీ" అని చెప్పి చీటీల టేబుల్ దగ్గరికి నడిచాడు. బసవడు, చుక్కడు అని రాయించాడు. మాకు ఐదో నంబరు వచ్చింది.

మధ్యాహ్నం మైదానం పక్కనే అందరికీ అన్నం, పప్పు, గోంగూర పెట్టారు, డబ్బులేం లేవు. మా గుంపులో ఎవరికీ ముద్ద దిగలేదు. మన జత దిగే వేళకు ఎండ కాస్త వాలింది. జెండా ఊపారు. ఇక్కడ కొట్టడానికి వీల్లేదు, తోలేవాళ్ళు అరుస్తూ అదిలించాలంతే. నేను మైదానం చుట్టూ కట్టిన తాడు పక్కన నిలబడి మా వాళ్ళను చూశాను. ముప్పై మంది అభిమానులు తువ్వాళ్ళు నోట్లో కుక్కుకుని గుడ్లప్పగించి చూస్తున్నారు. మా తమ్ముడు రెండు చేతులూ చంకల్లో దాచుకున్నాడు. పక్క గుంపు వాళ్ళు "ఏమైందప్పా, ఎవరన్నా పోయినారా?" అని ఎకసెక్కాలాడారు. బండ మాత్రం కదిలింది. కదలడమేంటి, దుమ్ము లేపుకుంటూ ఆ కొసకు పోయింది! తిరిగింది, వచ్చింది, మళ్ళీ పోయింది. బసవడి మెడ కాడికి ఆనుకుని ముందుకే ఉంది.

ఆఖరి మలుపు దగ్గర పక్క గుంపులో ఎవడో సరదాకి ఈల కొట్టాడు. బసవడి అడుగు తడబడింది. చెవులు నిక్కాయి. తాడు అవతల నుంచి లక్ష్మీదేవి లేచి, "బసవా! పద నాయనా, పద!" అని ఒక్క కేక పెట్టింది. దాంతో మా వాళ్ళంతా తువ్వాళ్ళు ఊడబీకి "హోయ్! హోయ్!" అని ఎవరి ఈలా వినపడకుండా అరవడం మొదలుపెట్టారు. నేనూ అరిచాను. ఆఫీసులో ఫ్యాను చప్పుడులో కలిసిపోయేంత మెల్లగా మాట్లాడే మనిషిని, గొంతు పోయేదాకా అరిచాను. బసవడు కాడిని తోశాడు. మైకులో దూరం చెప్పేసరికి అప్పటిదాకా మొదట ఉన్న జత వెనక్కిపోయింది. ఆ తర్వాత దిగిన జతలు ఒక్కటీ మమ్మల్ని అందుకోలేదు.

మొదటి బహుమతి! మా తమ్ముడు బసవడి మెడను కావలించుకుని ఏడ్చాడు. సిగ్గూ ఎగ్గూ లేకుండా, అందరూ చూస్తుండగా. మస్తాన్ నాకు చెయ్యి ఊపి "సూసినావా అక్కా! జతంటే జతే!" అని గంతులేశాడు. పసుపు, కుంకుమ పెట్టి దండలు వేస్తుంటే కర్నూలు ఆసామి మెల్లగా వచ్చాడు. మనిషి మంచివాడే, మద్దిలేటి భుజం తట్టి మెచ్చుకున్నాడు. వెంటనే అసలు మాటకొచ్చాడు. "వచ్చే వారం మా పక్క పోటీ ఉండాది. మీ బసవన్ని నా తెల్లెద్దుకు జత ఇస్తావా?" మద్దిలేటి నవ్వుతూ భార్య వైపు చూశాడు. పొద్దున మగవాళ్ళ గొడవలో నోరెత్తని లక్ష్మీదేవి పసుపు చేతులు చీరకు తుడుచుకుంటూ లేచింది. "ఆలీసమైనాదన్నా. చీటీలు తీసేసినారు" అంది. వేపచెట్ల కింద ఉన్న వాళ్ళంతా ఒక్కసారిగా నవ్వారు, ఆసామి కూడా.

సాయంత్రం బస్సులో మా వాడు కిటికీకి తల ఆనించి నిద్రపోతుంటే నేను ఆ ఈలల గురించే ఆలోచించాను. వాళ్ళు ఆ ఎద్దును ప్రేమించకపోలేదు. పనులు మానుకుని, బస్సులు పట్టుకుని వచ్చి, ఉన్న బలమంతా పెట్టి ఈల వేసింది ప్రేమతోనే. ఓడిపోతే మాత్రం ఎవర్ని మార్చాలా అని చూశారు గానీ, తాము చేస్తున్నదేమిటని ఒక్కరూ అడగలేదు. నేనూ ఇంట్లో, ఆఫీసులో ఎన్నిసార్లు అలా చేసి ఉంటానో. తమ్ముణ్ణి తిట్టడానికి వెళ్ళిన దాన్ని, తిట్టకుండానే తిరిగొచ్చాను. తప్పు తెలిసిన గంటలోపే ముప్పై మంది ముందు నాదే తప్పని చెప్పిన మనిషిని నేను మా ఇంట్లో ఇంతకు ముందు చూడలేదు.

మీరు వెళ్ళదలిస్తే ఒక్కటే సలహా. పోటీ మొదలయ్యే వేళకు కాదు, పొద్దున్నే వెళ్ళండి. మైదానంలో చోటు కోసం చూడకుండా నేరుగా ఎద్దుల్ని కట్టేసిన చోటికి వెళ్ళి, నచ్చిన ఎద్దు పేరేంటని దాని మనిషిని అడగండి. సాయంత్రానికి మీ గొంతు కూడా పోతుంది.