పచ్చి సున్నపు గోడ

గోడ దగ్గర చెంప పెట్టి, ఒక కన్ను మూసి నునుపు చూసుకునేవాడు ఆ ముసలి మేస్త్రి.

పెద్ద చర్చి వెనక మేము అద్దెకున్న పాత ఫ్రెంచి ఇల్లు అమ్మకానికి పెట్టారు. కొనేవాళ్ల కంటికి హాలు గోడ ఆనాలని ఓనరు అతన్ని ఊరి శివారు మూలకుళం నుంచి పిలిపించాడు. సున్నంలో కోడిగుడ్డు తెల్లసొన కలిపి పూసి, గులకరాయితో నాలుగు రోజులు రుద్దాడు.

"గోడలో మన మొగం కనపడాలమ్మా," అనేవాడు.

కనపడింది. ఐదో రోజు కొనేవాళ్లు వచ్చారు. గోడవైపు చూడనేలేదు. స్థలం కొలుచుకుని, వచ్చే వారమే ఇల్లు పడగొట్టిస్తామని అతని ముందే చెప్పారు.

మేస్త్రి గులకరాయి కడిగి జేబులో వేసుకున్నాడు. గుమ్మం దాటబోతూ నావైపు తిరిగాడు.

"మూడు దినాలు ఎవురూ చెయ్యి పెట్టబాకండమ్మా. ఇంకా పచ్చిగా ఉండాది."