నా చేతిని యంత్రమన్నారు

నన్ను యంత్రం అన్నారు. ఇంటర్నెట్‌లో పేకాట నడిపే ఒక కంపెనీ వాళ్ళు, నా ఆట నేను ఆడలేదనీ, కంప్యూటర్లో ఏదో ప్రోగ్రామ్ పెట్టి దానిచేత ఆడించాననీ తీర్మానించి నా ఖాతా మూసేశారు. అందులో ఉన్న డబ్బు వెనక్కి పంపారు గానీ, ఆ మాట వెనక్కి తీసుకోలేదు. ఇది జరిగి కొన్నేళ్ళయింది. నా ఫిర్యాదులకు ఇవాళ పొద్దున, పామర్‌స్టన్ నార్త్‌లో మా వంటింటి కిటికీ దగ్గర కాఫీ తాగుతుండగా, అసలు జవాబు వచ్చింది. అదేమిటో చెప్పేముందు, నా ఈడు వాళ్ళు కాస్త ఓపిగ్గా వింటారన్న నమ్మకంతో, జరిగింది జరిగినట్టు చెబుతాను.

మా ఆవిడ నర్సు. ఆవిడకు ఇక్కడి ఆస్పత్రిలో ఉద్యోగం దొరికితే ఈ పరాయి దేశానికి వెనకాలే వచ్చినవాణ్ణి నేను. పదో తరగతి దాటని నాకు ఒక డెయిరీలో, అంటే ఇక్కడి వీధి చివర కిరాణా కొట్టులో, గల్లా దగ్గర పని దొరికింది. సగం ఇంగ్లీషు ఆ గల్లా ముందు నిలబడ్డవాళ్ళ దగ్గర, మిగతా సగం లైబ్రరీలో నేర్చుకున్నాను. రిటైరయ్యాక, ఈ ఊరి గాలీ వానా గడప దాటనివ్వని ఒక చలికాలంలో, అదే లైబ్రరీ నుంచి పోకర్ లెక్కల పుస్తకం తెచ్చి, డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను. పెళ్ళిళ్ళ విడిదిళ్ళలో రమ్మీ ఆడిన చేతికి ముక్కలు కొత్త కాదు. కానీ పోకర్‌లో ముక్కల సంగతి సగమే. తన ముక్కలు గొప్పవన్నట్టు పందెం కాసే ఎదుటివాణ్ణి నమ్మాలో వద్దో తేల్చుకోవడం మిగతా సగం.

కంప్యూటర్లో చిన్న పందేల బల్లల మీద చాలాకాలం నిమ్మళంగా ఆడాను. ఇంటి డబ్బు ముట్టకూడదని మా ఆవిడ షరతు. గెలిచిన దానితోనే ఆడేవాణ్ణి. తక్కినవాళ్ళు పేరు పక్కన నక్కల బొమ్మలూ పులుల బొమ్మలూ పెట్టుకుంటే, నేనొక్కణ్ణే బుద్ధిగా నా ఫొటో పెట్టుకున్నాను. కూడబెట్టింది పెరిగి, పుస్తకం లెక్క ప్రకారం పై బల్లకు ఎక్కొచ్చని తేలింది. లెక్క ఒప్పుకుంది, ఒళ్ళు ఒప్పుకోలేదు. అవే ముక్కలు, అవే నియమాలు, మారింది అంకె ఒక్కటే. అయినా నోరు ఎండిపోయింది, మెడ వెనక చెమట పట్టింది.

మొదటి మధ్యాహ్నమే నాకు రెండు రాజులు, అంటే చాలా గొప్ప ముక్కలు, పడ్డాయి. నక్క బొమ్మవాడు తన ముందున్నదంతా ఒక్కసారిగా పందెంలోకి తోశాడు. వాడు బెదిరిస్తున్నాడని లెక్క చెబుతూనే ఉంది. చెయ్యి మాత్రం నన్నడక్కుండానే పందెం వదులుకుని ముక్కలు పడేసింది. వాడు తన ముక్కలు తిప్పి చూపించాడు. ఒక ఏడు, ఒక రెండు. ఏమీ లేవు. కింద ఒక నవ్వు బొమ్మ, దాని పక్కన మాట: "నైస్ ఫోల్డ్, గ్రాండ్‌పా!" భలే వదిలేశావు తాతా, అని.

పోయిన డబ్బు కాదు నన్ను కాల్చింది. చదువు లేదన్న బెరుకుతో, గట్టిగా మాట్లాడిన ప్రతివాడికీ ఏదో తెలిసే ఉంటుందని నేను జీవితమంతా పక్కకు తప్పుకుంటూనే వచ్చాను. డెయిరీ యజమాని ముందు తప్పుకున్నాను, బ్యాంకు కౌంటర్లో తప్పుకున్నాను. ఇప్పుడు నా ఇంట్లో, నా కుర్చీలో కూర్చుని, నా ముక్కలు మంచివని తెలిసీ తప్పుకున్నాను. ఇక ఒక్కసారైనా, భయం వేస్తున్నా సరే, ఉన్నచోట నిలబడాలి. నాకు కావలసింది అంతే.

మళ్ళీ కూర్చున్నాను, మళ్ళీ పారిపోయాను. అలా వారాలు గడిచాయి. ఒకరోజు మా ఆవిడ డ్యూటీ నుంచి వచ్చి గుమ్మంలో నిలబడి చూసింది.

"ఏమండీ, ఆ మౌస్ ఏం పాపం చేసిందని అలా పిసికేస్తున్నారు?"

"నీకేం తెలుసు, ఇక్కడ నా ప్రాణం పోతోంది."

"ప్రాణాలు పోయేది మా వార్డులో లెండి. అక్కడ కొత్తగా జాయినయిన అమ్మాయిలకి మేం చెప్పేది ఒకటే. అలారం మోగగానే పానిక్ అవ్వొద్దు, ఒక్క బ్రెత్ తీసుకుని అప్పుడు కదలండి అని. మీకు ఒక్క బ్రెత్ ఏం సరిపోతుంది? ఏదైనా మనసులో చదువుకోండి."

నేను పదమూడో ఎక్కం ఎంచుకున్నాను. చిన్నప్పుడు పంతులుగారి ముందు నోరు పెగలక బెత్తం దెబ్బలు తిన్నది దానికే. ముక్కలు గొప్పవైనా చెత్తవైనా, పందెం చిన్నదైనా పెద్దదైనా, ఎక్కం మొదలుపెట్టి, ప్రతిసారీ ఒకే పాటగా, ఒకే వేగంతో చివరిదాకా చదివి, అప్పుడే మీట నొక్కేవాణ్ణి. భయం ఒక్కరోజులో పోలేదు. ఎక్కం మధ్యలో చెమట మళ్ళీ పట్టేది, కానీ చెయ్యి మాత్రం నా మాట వినడం మొదలుపెట్టింది.

ఒక వాన మధ్యాహ్నం నక్క మళ్ళీ ఎదురయ్యాడు. నా చేతిలో రెండు పదులు, బల్ల మీద అందరికీ ఉమ్మడిగా పరిచిన ముక్కల్లో వాటిని మించిన రాణి ఒకటి. వాడు ఉన్నదంతా తోశాడు. వాడి దగ్గర ఇంకో రాణి ఉంటే నేను చేతులారా మునిగినట్టే. ఎక్కం మొదలుపెట్టాను, గుండె దరువు ఎక్కం పాటను దాటి పరుగెడుతుంటే, తెర మీద గడియారం కరిగిపోతుంటే, వాడు గడిచిన గంటలో కాసిన పందేలన్నీ ఒక్కొక్కటిగా గుర్తు తెచ్చుకుంటూ, చివరి మెట్టుదాకా చదివి, పందేనికి సరేనని నొక్కాను. ముక్కలు తిరగబడ్డాయి. వాడి దగ్గర ఏమీ లేవు. నవ్వు బొమ్మ ఈసారి రాలేదు. మా ఆవిడ ఉతికిన బట్టల బుట్ట చంకన పెట్టుకుని, నిలబడ్డచోటే నిలబడి చూస్తోంది.

ఆ తర్వాత కొన్ని నెలలు ఆ బల్ల మీదే ఆడాను. ఒక ఉదయం ఖాతా తెరుచుకోలేదు. వేరే ఊళ్ళో, హాబ్సన్‌విల్‌లో ఉన్న మా అమ్మాయికి వాళ్ళ నోటీసు పంపితే, ఫోన్లో పగలబడి నవ్వింది.

"నాన్నా, యూ ఆర్ ఎ బాట్ అంటున్నారు! ప్రతి క్లిక్కీ సేమ్ టైమ్ తీసుకున్నారట, హ్యూమన్స్ అలా చెయ్యరట. సో కూల్!"

"కూల్ ఏమిటే? నేను ఆడలేదంటున్నారు వాళ్ళు!"

అది అర్థమయ్యాక నవ్వడం మానేసింది. పిల్ల మంచిది.

రాశాను. కంపెనీకి మా ఆవిడను సాక్షిగా పెట్టుకోమని రాశాను, ఎక్కం సంగతి రాశాను, కావాలంటే ఎవరైనా వచ్చి నా పక్కన కూర్చోండని రాశాను. రాసిన మరుక్షణమే అచ్చుగుద్దినట్టు ఒకటే జవాబు వచ్చేది. నన్ను యంత్రమని యంత్రమే తేల్చింది, అప్పీలూ అదే విన్నది. ఒళ్ళు మండి మళ్ళీ రాశాను.

మన రోజుల్లో విడిదింట్లో పేకాడితే, ఎవడి నుదుట చెమట పట్టిందో, ఎవడు మంచినీళ్ళ గ్లాసు కోసం తడుముకున్నాడో అందరికీ కనిపించేది. ఏమోయ్, ముక్క పడిందా అని వెక్కిరించేవాళ్ళు. అప్పుడు అది సిగ్గనిపించేది. కానీ మర్నాడు ఎవరైనా ఒక మాట తూలితే, పక్కన కూర్చున్న వాళ్ళంతా లేచి, ఆడింది వీడేనయ్యా, మా కళ్ళతో చూశామని చెప్పేవాళ్ళు. ఇప్పుడు బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు ఎవరో, ఏ దేశంలో ఉన్నారో తెలియదు. నేను భయపడ్డానని ఎవరూ చూడలేదు, ఆ భయాన్ని దాటానని చెప్పేవాళ్ళూ లేరు.

ఇవాళ వచ్చిన జవాబు ఒక మనిషి రాసిందే. ఉన్నదున్నట్టు తెలుగులో పెడుతున్నాను:

"అయ్యా, మీ ఫిర్యాదును ఈసారి మా ఉద్యోగి ఒకరు స్వయంగా పరిశీలించారు. మీరు మనిషేనని ఒప్పుకుంటున్నాం, కలిగిన బాధకు క్షమించండి. మీ ఖాతా తిరిగి తెరిచాం. అయితే మా పరీక్ష పద్ధతి మారలేదు కనుక, మళ్ళీ ఇలా జరగకుండా ఉండాలంటే, పెద్ద పందేలు వచ్చినప్పుడు దయచేసి అప్పుడప్పుడు కాస్త తడబడండి."