ఇసుక వదలని యెల్లప్ప

యెల్లప్ప గొప్పంతా దక్షిణాఫ్రికాలో రెడ్‌హిల్ నుంచి డర్బన్ బజారుకి తోలే బస్సులోనే ఉండేది. ఇంట్లో పెళ్ళాం కోగీ ముందు కిక్కురుమనడు గానీ, స్టీరింగ్ ముందు కూర్చున్నాడంటే మహారాజే. మలుపు తిరిగినప్పుడల్లా హారన్ మోగేది. ఆయన కొట్టి కాదు, బొజ్జ తగిలి.

తొంభై అయిదులో బస్సుల ఓనరు మారాడు. డ్రైవర్లందరికీ డాక్టరు పరీక్షన్నాడు. తప్పినవాడికి సీటు లేదన్నాడు. యెల్లప్పకి బొజ్జతో పాటు సుగరూ ఉందాయె. సీటు పోతే ఇంక తానెవడు?

"డిపో నుంచి ఇంటికి నడిచి రావయ్యా. పాయసం మారు అడక్కు. అంతేగా!" అంది కోగీ.

ఊరికే వచ్చే సలహాకి విలువేముంటుంది? డబ్బు కట్టి మరీ డర్బన్ సముద్రపొడ్డున సిపాయిల కసరత్తులు చేయించే బూట్ క్యాంపులో చేరాడు.

దాన్ని నడిపేవాడు ట్రెవర్ అనే తెల్లాయన, పాత సైన్యంలో సార్జెంటు. అరవడానికి సిపాయిలు లేక, ఇప్పుడు బొజ్జల మీద అరుస్తున్నాడు. ఒకప్పుడు తెల్లవాళ్ళకే రాసిపెట్టిన ఈ ఇసుకలో కాలు పెడితే మనవాళ్ళని ఊరికే తరిమేవారు. నిరుడు అందరికీ ఓటొచ్చాక, ఇప్పుడు ఫీజు పుచ్చుకుని తరుముతున్నారు. అదీ యెల్లప్పకి గర్వమే! "తెల్లోళ్ళ పక్కన నిలబడి సమానంగా తిట్లు తిన్నాను, తెలుసా?" అని బస్సంతా చాటాడు.

లాభం లేదంటే కళ్ళు పోతాయి. బొజ్జ హారన్‌ని వదిలేసింది, సుగర్ దిగొచ్చింది. నష్టమల్లా ఎడమ మోకాలికి. కప్పగంతు వేసినప్పుడల్లా కలుక్కుమనేది.

"ఆ కాలు ఏటంటోందో కాస్త వినవయ్యా," అని కోగీ మొత్తుకుంది. వింటే యెల్లప్ప ఎందుకవుతాడు?

పరీక్ష వారంలోకి వచ్చింది. కుంటుతూ గెంతుతున్నవాణ్ణి ట్రెవర్ చూశాడు. పాపం, మంచికే చెప్పాడు. "చాలు అంకుల్. ఇసుక వదిలి, పైన ఆ గోడ మీద కూర్చో."

ఆ గోడ! చిన్నప్పుడు పోలీసు ఇదే ఇసుకలోంచి లేపి, నాన్ననీ తననీ ఆ గోడ అవతలికే తోలాడు. నాన్న చెప్పులు చేత్తో పట్టుకుని, నోరెత్తకుండా నడిచాడు. యెల్లప్పకి ఒళ్ళు మండిపోయింది.

"ఓటేసినోణ్ణి! ఈ ఇసుక వదల్ను!" అని అరిచి, అందరికన్నా ఎత్తుకి గెంతాడు. మోకాలు టప్పుమంది.

డాక్టరు బొజ్జని మెచ్చుకున్నాడు. సుగర్‌నీ మెచ్చుకున్నాడు. ఆ తర్వాత, ఎడమ కాలితో తన అరచేతిని గట్టిగా తొయ్యమన్నాడు. క్లచ్ తొక్కే కాలది. కదల్లేదు.

బస్సు ప్రేషెన్ అనే బక్క డ్రైవరు చేతికి పోయింది.

"కొండ నాలిక్కి మందేస్తే..." అని మొదలెట్టిన కోగీ, మొగుడి మొహం చూసి మిగతాది మింగేసింది.

ఇప్పుడు ఆదివారాలు మొగుడూ పెళ్ళాలు టికెట్ కొనుక్కుని, ప్రేషెన్ బస్సెక్కి బీచికి వస్తారు. కోగీ చెప్పులు చేత్తో పట్టుకుని నీళ్ళ దాకా వెళ్తుంది. ఇసుకలో చేతికర్ర దిగబడిపోతుంది కనక యెల్లప్ప ఆ గోడ మీదే కూర్చుంటాడు. ఈసారి పొమ్మన్నవాడెవడూ లేడు.