జాకెట్టు చేతికింద అద్దాల ముక్క

పంతొమ్మిదొందల డెబ్బైల్లో నేను తిరువూరులో ఆడవాళ్ల జాకెట్లు కుట్టేదాన్ని. మా ఇంటి వసారాలోనే మిషను. జాకెట్టు చెయ్యి నా అంత బిగువుగా, ముడత లేకుండా కూర్చేవాళ్లు విస్సన్నపేట దాకా లేరని నాకో పొగరు. ఆ పొగరు దించింది ఎ.కొండూరు దగ్గర తండా నుంచి వచ్చిన ఒక లంబాడీ ఆవిడ.

కూతురి పెళ్లికని రెండేళ్లుగా కుడుతున్న లంగాని ఆవిడ మూట విప్పి చూపించింది. చేతిపనంతా అయిపోయిందట, పెళ్లి దగ్గర పడింది కాబట్టి నడుము పట్టీ మాత్రం మిషను మీద వెయ్యమంది. నేను పట్టీ సంగతి మర్చిపోయి లంగా వంకే చూస్తూ కూర్చున్నాను. ఎర్ర గుడ్డ మీద శనగబద్దంత అద్దాలు, వాటి చుట్టూ పసుపు, ఆకుపచ్చ దారాలు, అంచున గవ్వలు. సుద్ద గీత ఒక్కటి లేదు. కొలత ఎలా తీశావని అడిగితే వేళ్లు చాపి జాన చూపించింది. మెడలో టేపు వేసుకుని తిరిగే నాకు సిగ్గేసింది.

మర్నాడు కూతురు ఒక్కతే నీలం జాకెట్టు గుడ్డ పట్టుకుని వచ్చింది. పెళ్లి తంతు వరకు లంగా కట్టుకుంటుందట, అత్తారింటికి మాత్రం చీరలోనే వెళ్తుందట.

"బస్సెక్కితే అందరూ నన్నే చూస్తారక్కా. అమ్మకి చెప్పొద్దు," అంది.

అప్పటికే తండాల్లో చిన్నవాళ్లు ఒక్కొక్కళ్లే చీరల్లోకి మారుతున్నారు. వాళ్లకి జాకెట్లు కుట్టిపెట్టింది నేనే. అందులో తప్పేముందనుకునేదాన్ని. ఈ పిల్లదీ రెండు రోజుల్లో కుట్టేశాను.

నా నోట్లో నువ్వుగింజ నానదు. తల్లి లంగా కోసం వచ్చినప్పుడు కొక్కేనికి వేలాడుతున్న జాకెట్టు ఎవరిదని మాటవరసకి అడిగింది, నేను చెప్పేశాను. కేకలేస్తుందనుకున్నాను. ఆవిడ మాత్రం జాకెట్టు చేతిలోకి పిడికిలి దూర్చి చూసింది. వాళ్లలో పెళ్లయిన ఆడది మోచేతి పైన తెల్లగాజులు వరసగా వేసుకుంటుంది. మొగుడున్నన్నాళ్లూ అవి తియ్యకూడదు.

"చెయ్యి ఇరుకమ్మా, గాజులు పట్టవు. లంగా మానేస్తే మానెయ్యనీ. గాజులు ఉండాలి," అంది.

కుట్టు విప్పి వదులు చేద్దామంటే లోపల గుడ్డ మిగల్లేదు. బిగువుగా కుట్టడమేగా నా గొప్ప. ఆవిడ మూటలోంచి లంగాకి వాడగా మిగిలిన, అద్దాలు కుట్టిన గుడ్డ ముక్క తీసి రెండు చేసింది. మిషను వద్దని, వసారాలో చతికిలబడి, జాకెట్టు రెండు చేతుల కిందా కుట్టు విప్పి, చెయ్యి వదులయ్యేలా ఆ ముక్కలు తనే కూర్చి కుట్టింది. నా పని మానుకుని సాయంత్రం దాకా పక్కనే కూర్చుని చూశాను. అంత మంచి చెయ్యి మళ్లీ చూడలేదు.

కూతురు వచ్చి జాకెట్టు వేసుకుంది. చెయ్యెత్తితే అద్దాలు తళుక్కుమన్నాయి. తల్లి కుట్టిందని చెప్పాను. ఆ పిల్ల మొహం మాడ్చుకుని, ముక్కలు తీసెయ్యమంది. నాకు ఒళ్లు మండింది. నేను తియ్యను, కావాలంటే నువ్వే విప్పుకో అని కత్తెర ముందు పడేశాను.

జాకెట్టు విప్పి పంతంగా కూర్చుంది. తిరగేసి చూసింది, వెలుతురులో పెట్టి చూసింది. ముడి ఎక్కడుందో దొరకలేదు. కత్తెర మొన దూర్చడానికి కుట్టుకీ కుట్టుకీ మధ్య సందు లేదు. చాలాసేపటికి కత్తెర కింద పెట్టింది. కళ్లనిండా నీళ్లు.

"అమ్మ ఈ కుట్టు కూర్చోబెట్టి నేర్పుతానంటే నేనే పారిపోయేదాన్నక్కా," అంది.