చప్పట్లు ఓట్లనుకున్న బావగారు

మొన్న అమెరికాలో మేముండే నోవై ఊళ్ళో, వీధి చివర ఇంటి ముందు, మంచులో సగం కూరుకుపోయిన ఎన్నికల బోర్డు మీద ఒక తెలుగు అమ్మాయి పేరు చూశాను. కారు పక్కకు ఆపి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. మా అక్క భర్త గుర్తొచ్చారు.

డెబ్బైల చివర బావగారు ఇక్కడ కార్ల కంపెనీలో ఇంజినీరు. ఉద్యోగం అదే గానీ మా తెలుగువాళ్ళందరికీ ఆయన మిమిక్రీ మనిషి. స్కూలు ఆడిటోరియం అద్దెకు తీసుకుని ఉగాది చేసుకునేవాళ్ళం. పులిహోర ట్రేలు ఖాళీ కాగానే ఆయన మైకు పట్టుకుని విజయవాడ స్టేషన్‌ని దింపేసేవారు. రైలు కూత, టీ కేకలు, సీటు కోసం పోట్లాట, అన్నీ ఒక్క గొంతులోనే. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకునేవాళ్ళం. అవన్నీ నవ్వుకి వచ్చిన నీళ్ళేనని ఒకరికొకరం నచ్చజెప్పుకునేవాళ్ళం.

ఎనభైల్లో ఆయన సిటీ కౌన్సిల్‌కి నిలబడ్డారు. మన పిల్లలు పెరిగే ఊళ్ళో మన మాట చెప్పేవాడు ఒక్కడైనా ఉండాలని ఆయన పంతం. సెలవు పెట్టి చలిలో గడప గడపా తిరిగారు. ఆ ఉగాదికి రైలుని మధ్యలో ఆపి మమ్మల్ని ఓటు అడిగారు. హాలు చప్పట్లతో దద్దరిల్లింది. “మా ఓట్లన్నీ మీవే!” అని అందరికంటే ముందు అరిచింది నేనే.

నాకసలు ఓటు లేదు. ఆ హాల్లో చాలామందికి లేదు. ఇవాళో రేపో ఇండియా వెళ్ళిపోతామన్న భ్రమలో, ఆ పాస్‌పోర్టు వదులుకోలేక, గ్రీన్ కార్డుతోనే ఏళ్ళు గడిపేస్తున్న బాపతు మేము. తాను సిటిజన్ అయ్యారు కనక అందరం అయ్యుంటామనుకున్నారాయన. కాదని చెప్పడానికి మాకు మొహమాటం. మొహమాటానికి పోతే ఏమవుతుందో సామెత ఉండనే ఉంది.

ఓడిపోయారు. ఆ హాల్లో సగంమంది వేసినా గెలిచేవారు. మర్నాడు వాళ్ళింటికి వెళ్తే ఎటో చూస్తూ కూర్చుని ఉన్నారు.

“ఏమోయ్, మనవాళ్ళెవరూ ఓట్ చేయలేదా? నువ్వెన్నింటికి వెళ్ళావు?”

“నాకు ఓటు లేదు బావగారూ. ఇంకా గ్రీన్ కార్డే.”

ఆయన నావైపు తిరిగారు. “ముందే చెప్పాల్సిందోయ్. సిటిజన్‌షిప్ ఫారాలు నేనే ఫిల్ చేసి, ఇంటర్వ్యూకి డ్రైవ్ చేసి తీసుకెళ్ళేవాణ్ణి కదా” అన్నారు. తిట్టినా బాగుండేది.

తర్వాతి ఉగాదికి రైలు వేయమని అందరం బతిమాలాం. నవ్వి తల అడ్డంగా ఊపారు. మళ్ళీ మైకు పట్టుకోలేదు, ఎన్నికలకూ నిలబడలేదు. సిగ్గుతో ఆ ఏడే నేను సిటిజన్‌షిప్‌కి అప్లై చేశాను. అప్పటినుంచి ఒక్క ఎన్నికా వదల్లేదు. ఆయన అడిగినప్పుడు నా దగ్గర లేని ఓటు ఇప్పుడు అడగకుండానే పోస్టులో చేతికొస్తుంది. అడిగిన మనిషి మాత్రం ఇప్పుడు లేరు.