మా గోడ చెప్పిన చలి

నా డైరీలో చలికాలపు ప్రతి పేజీకీ పైన రెండు అంకెలుంటాయి. పొద్దున ఆరింటికి ఎంత చలి, సాయంత్రం ఏడింటికి ఎంత చలి. ఇంటి పక్కగోడకు బయట, మేకుకు థర్మామీటరు తగిలించి చూసేవాణ్ణి. వ్యవసాయ కార్యాలయంలో వానకొలతలు, ఉష్ణోగ్రతలు రాసి పైకి పంపడమే నా ఉద్యోగం. రిటైరయ్యాక పంపడానికి ఎవరూ లేరు గాని, రాయడం ఆగలేదు. పెళ్లి చేసుకోలేదు. కొత్తవాడలోని ఈ ఇంట్లో మా అక్కా నేనూ ఉండేవాళ్లం. మూడు చలికాలాల కింద అక్క పోయింది. ఆ రోజు పేజీలో కూడా రెండు అంకెలూ ఉన్నాయి. ఎందుకు రాశావని ఎవరైనా అడిగితే చెప్పలేను. చెయ్యి అలవాటు పడింది.

మాది కొండల ఊరని ఎవరూ అనరు. కాని చుట్టూ రాళ్ల గుట్టలున్నాయి. పొద్దుగూకగానే ఆ రాళ్లు చల్లబడతాయి. వాటి ఇగం మెల్లగా వాడల్లోకి దిగుతుంది. హనుమకొండలో బస్సు ఎక్కేటప్పుడు లేని చలి మా సందులో దిగేసరికి చెవులకు తగులుతుంది. దాని నడక నాకు తెలుసనుకునేవాణ్ణి. పాత డైరీలన్నీ తిరగేసి ఒక సూత్రం కట్టుకున్నాను. సాయంత్రం ఏడింటికి పాదరసం పద్దెనిమిది కంటే కిందికి దిగి, గాలి ఆడకుండా ఉంటే, తెల్లారి పొగమంచు. అంతకు పైన ఉంటే మంచు లేదు. ఈ సూత్రం తప్పిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

దీని అవసరం పడింది ఒక్కరికే. సందు చివర నూలుకు రంగులద్దే ఆమెకు. యాభై దాటి ఉంటాయి. ఆమె భర్త లోపల మగ్గం మీద జంపఖానాలు నేస్తాడు. ఆమె బయట పెద్ద గంగాళంలో రంగు కాచి, చిలపలు, అంటే నూలు కట్టలు, అందులో ముంచి, ఇంటి ముందు ఖాళీ జాగాలో వెదురు కర్రల మీద ఆరేస్తుంది. సగం ఆరిన చిలప మీద మంచు పడితే రంగు దిగి పక్కదానికి అంటుకుంటుంది. అందుకని చలికాలమంతా ఏడు దాటగానే మా గేటు దగ్గరికి వచ్చి నిలబడేది.

"సారూ, రేపటి ముచ్చటేంది?"

"మంచు పడదు చెల్లె. నూలు బయటే ఉంచుకో."

"పక్కానా? ఫోన్ల పడతదనే చూపిస్తాంది."

"ఆ ఫోను మన సందు ఎప్పుడన్న చూసిందా?"

ఆమె నవ్వుకుంటూ వెళ్లిపోయేది. అంతా కలిపి రెండు నిమిషాలు. అక్క పోయిన తర్వాత రోజు మొత్తంలో నన్ను ఎవరైనా ఏదైనా అడిగేది ఆ రెండు నిమిషాలే. ఈ మాట డైరీలో ఎక్కడా రాయలేదు. కాని ఏడు కాకముందే ఉతికిన చొక్కా తొడుక్కుని, తల దువ్వుకుని వరండాలో కూర్చునేవాణ్ణి.

కిందటి డిసెంబరులో వాళ్లకు పెద్ద పని వచ్చింది. ఒక ఫంక్షన్ హాలుకు ఎరుపు తెలుపు పట్టీల జంపఖానాలు కావాలన్నారు. ఆ ఇంటికి అంత పని వచ్చి చాలా రోజులైంది. ఆమె ఎర్ర చిలపలు అద్దింది, తెల్లవి ఉతికి గంజి పెట్టింది, అన్నీ కర్రలకెక్కించింది. సాయంత్రం వచ్చినప్పుడు ఆమె ముఖంలో నవ్వు లేదు.

"సగమే ఆరింది సారూ. ఇంత నూలుకు లోపల జాగ లేదు, ముద్దగ కుప్పెయ్యాలె, ముక్కిపోతది. బయటుంచితేనేమో భయమైతాంది. పొద్దటిసంది నా మోకాళ్లు గుంజుతున్నయి. పొయ్యి పొగ సుత పైకి పోతలేదు, సందులనే పండుకుంటాంది."

నేను పక్కగోడ దగ్గరికి వెళ్లి థర్మామీటరు చూసి వచ్చాను. ఇరవై ఉంది.

"ఉంచు. ఏం కాదు."

ఆ రోజు ఆమె పక్కానా అని అడగలేదు.

తెల్లారి తలుపు తీస్తే ఎదురిల్లు లేదు. గేటు కూడా సగమే ఉంది. చెప్పులు వేసుకోకుండానే సందు చివరికి వెళ్లాను. ఆలుమగలిద్దరూ చిలపలు దించుతున్నారు. తెల్ల నూలంతా ఎర్ర మరకలు. కింద నేల మీద ఎర్రటి నీళ్లు. భర్త నన్ను చూసి, "ఏం సారూ, మీ డైరీలకు మంచు రాలేదా?" అన్నాడు. "నువ్వూకో" అంది ఆమె, నా వైపు చూడకుండా.

ఆ సాయంత్రం ఆమె రాలేదు. మరునాడూ రాలేదు. నేను మాత్రం ఎనిమిది దాకా వరండాలోనే ఉన్నాను.

మూడో రోజు థర్మామీటరును మేకు నుంచి తీసి, సందు మలుపులో ఉన్న ఇంకో ఖాళీ జాగాకు తీసుకెళ్లి పావుగంట నిలబడ్డాను. నాలుగు డిగ్రీలు దిగింది. ఇంటికి తెచ్చి మేకుకు తగిలిస్తే మళ్లీ ఎక్కింది. అప్పుడు చెయ్యి చాపి మేకుకు ఎదురుగా ఉన్న పక్కింటి గోడను ముట్టుకున్నాను. వెచ్చగా ఉంది. ఎండాకాలంలో మొదలై, వానలు తగ్గేసరికి పక్క ప్లాటులో మూడంతస్తుల ఇల్లు లేచింది. దాని గోడకూ నా మేకుకూ మధ్య మూరెడు దూరం లేదు. పగలంతా ఎండకు కాగి, రాత్రికి ఆ వేడి నా పాదరసానికి ఇస్తోంది. గుట్ట వైపు గాలిని కూడా ఆపేసింది. ఆ ఇంటికి స్లాబు వేసిన రోజు, సున్నం వేసిన రోజు, అన్నీ డైరీలో ఉన్నాయి. ఆ పేజీల మీదే ఉష్ణోగ్రతా ఉంది. రెండూ నా చేతితోనే రాశాను. ఒకదాన్ని ఇంకోదానితో కలిపి చూడలేదు. పైగా ఈ ఏడు చలి తగ్గిందని చాయ్ హోటల్లో అందరికీ చెప్పాను. వాళ్లు మంకీ టోపీలు పెట్టుకునే, అవును సార్, కాలం మారింది అని తలలూపారు.

మరునాడు పొద్దున్నే ఆమె దగ్గరికి వెళ్లాను. మరకలు పడ్డ నూలును నల్ల రంగులో ముంచుతోంది. ఎరుపు తెలుపు అడిగినవాళ్లు ఎరుపు నలుపుకు ఒప్పుకుంటారో లేదో ఇంకా తెలియదు. గోడ సంగతి మొత్తం చెప్పాను. ఆమె కర్రతో గంగాళం కలుపుతూనే వింది.

"గోడనేం తిడతరు సారూ. నా మోకాళ్లు చెప్పినయి, పొగ చెప్పింది. మా అత్త కాలంకెళ్లి గవి చూసుకుంటనే అద్దకం చేసినం. ఆ రోజు గవన్ని పక్కకు పెట్టి మీ మాట విన్న."

"ఎందుకు?"

"మీరు రాసుకుంటరు కద. రాసింది తప్పు గాదనుకున్న."

థర్మామీటరును ఆమె ఆరేసే జాగాలో ఒక కర్రకు కట్టుకోవచ్చా అని అడిగాను. అక్కడ చుట్టూ గోడలు లేవు.

"కట్టుకోండ్రి సారూ. గని రేపటి ముచ్చట నాకు చెప్పకుండ్రి."

కోపంతో అనలేదు. కడుపు నిండినవాళ్లు ఇంక వద్దని చెయ్యి అడ్డం పెట్టినట్టు అంది.

ఇంటికొచ్చి, ఆ చలికాలపు అంకెలన్నిటి పక్కన 'గోడ' అని రాశాను. కొట్టెయ్యలేదు. ఫంక్షన్ హాలు వాళ్లు నాలుగు రోజులు నాన్చి, చివరికి ఎరుపు నలుపే తీసుకున్నారు. ఆ సంగతి నాకు చాయ్ హోటల్లో తెలిసింది.

ఇప్పుడు రోజూ రెండు పూటలా అక్కడికి వెళ్లి చూసి రాసుకుంటున్నాను. ఆమె పనిలో ఆమె ఉంటుంది. బాగున్నరా అంటే బాగున్న అంటుంది. మొన్న సాయంత్రం నేను వెళ్లేసరికి చిలపలతో ఉన్న కర్రను ఒక్కతే లోపలికి మోసుకుపోతోంది. పాదరసం చూశాను, పద్నాలుగు. గాలి లేదు. నోటిదాకా వచ్చిన మాట ఆపుకుని, కర్ర రెండో కొస పట్టుకున్నాను.

"జర పైకెత్తుండ్రి సారూ, నూలు నేలకు తాకుతాంది."

ఎత్తాను. ఇద్దరం మిగతా కర్రలన్నీ లోపల పెట్టాం.