మూడో గేటు దగ్గర ఆగే జీపు

వెర్నాకి నోరు ఎక్కువ. ఆ మాట మొహాన అన్నా ఆమెకి కోపం రాదు, పని కూడా ఎక్కువేగా అంటుంది. ఆస్ట్రేలియాలో, క్వీన్స్‌లాండ్ లోపలి ఎర్రనేల మీద, మా పశువుల ఎస్టేటులో వంటవాడిగా చేరినప్పటి నుంచీ, అక్కడే మెకానిక్కుగా ఉన్న ఆమెని చూస్తున్నాను. చుట్టుపక్కల ఏ పాత బండి మొరాయించినా చివరికి ఆమె గడప తొక్కాల్సిందే. ఆమె తండ్రి బోర్లు తవ్వే లారీ నడిపేవాడట, ఆయన వెనకాల తిరిగి పని నేర్చుకుంది. తనని మించిన మెకానిక్కు ఈ చుట్టుపక్కల లేడని ఆమే చెప్పుకుంటుంది. మొదట్లో ఒళ్లు మండేది. రానురాను ఒప్పుకోక తప్పలేదు.

ఆమెకొక పట్టు ఉంది. బండిని ఆగిన చోటే చూడాలి, షెడ్డుకి లాక్కొస్తే ఊరుకోదు. జ్వరం తగ్గాక విమానంలో వచ్చే డాక్టర్ని పిలిస్తే ఆయనేం చూస్తాడని తిట్టి, సామాన్ల పెట్టె పట్టుకుని తనే బయల్దేరుతుంది.

ఆ పట్టు విలువ నాకు క్లెమ్ జీపు విషయంలో తెలిసింది. క్లెమ్ ముసలాయన మా బోర్ల మనిషి. పొద్దున్నే బయల్దేరి, దూరాన ఉన్న గాలిమరలూ తొట్లూ చూసి, పశువులకి నీళ్లు అందుతున్నాయో లేదో కనిపెట్టుకుని రావడం ఆయన పని. ఆ ఏడు ఆయన జీపు, దారిలో కంచెలకున్న గేట్లలో మూడో గేటు దాకా బాగానే పోయి, అక్కడ దగ్గి ఆగిపోవడం మొదలుపెట్టింది. కాసేపు వదిలేస్తే మళ్లీ కదిలేది, కొంత దూరం పోయాక మళ్లీ అదే తంతు. ఓసారి ఆయన చేరేసరికి తొట్టి ఎండిపోయి, పక్కనే దూడ చచ్చిపడి ఉంది. మేనేజరు డూగల్ మెత్తని మనిషే. కానీ ఆ దూడని చూశాక, జీపు ఇంకొక్కసారి ఆగితే బోర్ల పని కొత్త బండి ఉన్నవాళ్లకి ఇచ్చేస్తానని, క్లెమ్ పట్నంలో చెల్లెలింటికి పోయి విశ్రాంతి తీసుకోవచ్చని చెప్పేశాడు.

ఆ సాయంత్రం క్లెమ్ నేను పెట్టిన మాంసం ముట్టుకోలేదు. "పట్నంలో పొద్దున్నే లేచి ఏం చూడాల్రా?" అని అడిగాడు.

మా వైపు బండి ఆగితే అందరి నోటా ఒకటే మాట, వేడి అని. ఎండకి పెట్రోలు గొట్టంలోనే ఆవిరైపోయి కార్బురేటర్‌కి అందదంటారు. దానికి మందూ అందరికీ తెలుసు. బట్టలారేసే చెక్క క్లిప్పులు ఆ గొట్టం పొడుగునా తగిలిస్తే చెక్క వేడిని లాగేస్తుందని నమ్మకం. క్లెమ్ జీపు గొట్టం నిండా క్లిప్పులే, సగం వెర్నా దండెం మీంచి ఎత్తుకొచ్చినవి. అవి చూసి ఆమె తిట్టిన తిట్లు రాయడానికి పనికిరావు.

తిట్టడం అయ్యాక, తెల్లారకముందే బయల్దేరదామంది. చలికాలం, పగలు ఎండ మండినా తెల్లారుజామున మంచు పడుతుంది. ఆ చలిలో ఏం కనిపెడతావని డూగల్ నవ్వాడు.

"వేడికే ఆగుతోందంటున్నారు కదా, అయితే చలిలో ఆగకూడదు. ఆగిందనుకో, వేడి మీద కేసు కొట్టేద్దాం" అంది వెర్నా.

టీ ఫ్లాస్కు పట్టుకుని వాళ్లిద్దరితో నేనూ జీపెక్కాను. గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుని ఉంది. మూడో గేటు కనబడుతుండగా జీపు దగ్గి ఆగింది. క్లెమ్ మొహం పాలిపోయింది. వెర్నా మొహం మాత్రం వెలిగిపోయింది.

బానెట్ ఎత్తి కార్బురేటర్ గిన్నె విప్పింది. లోపల పెట్రోలు చుక్క లేదు. అంటే తప్పు కార్బురేటర్‌ది కాదు, దానికి తిండే అందడం లేదు. ఇంకొకరైతే వెంటనే పెట్రోలు లాగే పంపు విప్పేవాళ్లు. ఆమె బండి వెనక్కి నడిచి, ట్యాంకు పక్కన మోకాళ్ల మీద కూర్చుని, మూతకి చెవి ఆనించి మెల్లగా తిప్పింది. స్‌స్‌స్ మంటూ గాలి లోపలికి దూరడం నాక్కూడా వినిపించింది.

పెట్రోలు బయటికి పోయినకొద్దీ ట్యాంకులోకి గాలి రావాలి. అందుకోసం మూతలో సన్నటి కంత ఉంటుంది. వెర్నా మూత తిరగేసి చూపించింది. టైరు ట్యూబులోంచి గుండ్రంగా కోసిన రబ్బరు బిళ్ల ఒకటి ఆ కంతకి అడ్డంగా అతికి ఉంది. ఆగినప్పుడల్లా అంచుల్లోంచి కాస్త గాలి దూరేది, బండి కదిలేది. చల్లబడిందని మేం సంబరపడేవాళ్లం.

ఎవరు కోశారని అడగక్కర్లేదు. మా దగ్గర దుమ్ము పంచదారలోకి వస్తుంది, పక్కలోకి వస్తుంది. నా పిండి డబ్బా మూతకి అలాంటి రబ్బరే క్లెమ్ కోసిచ్చాడు. అంత పొందికగా కోసే చెయ్యి ఇంకొకటి లేదు.

"నేనే అమ్మాయ్. ట్యాంకులోకి దుమ్ము పోతోందని వేశా" అన్నాడు క్లెమ్, తల దించుకుని.

ఆమె తిడుతుందనుకున్నాను. కత్తి మొనతో రబ్బరులో కంత పొడిచి, మూత బిగించింది. "దుమ్ముని ఆపు తాతా, కాదన్లేదు. కాస్త గాలిని మాత్రం రానియ్యి" అంది. ఆ గొంతులో అంత మెత్తదనం ఉందని నాకప్పటిదాకా తెలీదు.

తిరిగొచ్చేసరికి డూగల్ నా వంటింటి వరండాలో కాఫీ తాగుతున్నాడు. మళ్లీ ఆగుతుందా అని వెర్నాని అడిగాడు. ఈ జబ్బుతో ఆగదనీ, ముసలిబండికి ఇంకో జబ్బు రాదని మాత్రం తను పూచీ పడననీ చెప్పింది. అసలు జబ్బేమిటని అడిగాడు. ఆమె నోరు తెరిచేలోపే క్లెమ్ తాళాలు బల్ల మీద పెట్టాడు.

"దాని ముక్కు నేనే మూశాను బాబూ. దూడ నా వల్లే పోయింది."

డూగల్ తాళాల వంక చూశాడు.

"తీసుకుంటే తీసుకో," అంది వెర్నా. "తప్పు చేశానని తనంతట తానే చెప్పేవాడు కొత్త బండితో పాటు వస్తాడేమో కనుక్కో ముందు."

డూగల్ కాఫీ పూర్తిగా తాగి, కప్పు కింద పెట్టి, తాళాలు క్లెమ్ వైపు జరిపాడు. "పశువులు ఎదురుచూస్తుంటాయి పెద్దాయనా. కూర్చున్నావేం?"

వెర్నా ముందుగా జీపు గొట్టం మీది క్లిప్పులన్నీ పీకి తీసుకుంది. ముసలాళ్ల కోసం తన ఉతుకు పని ఆగిపోయిందని సణుక్కుంటూ వంటింటి వెనకున్న తన దండెం దగ్గరికి పోయింది. నేనూ వెంట వెళ్లాను. దూరంగా క్లెమ్ జీపు దుమ్ము లేస్తోంది. మొదటి గేటు, రెండోది దాటింది. మూడో గేటు దగ్గర దుమ్ము ఆగిపోయింది.

వెర్నా సణుగుడు కూడా ఆగిపోయింది. తడి దుప్పటి చేతుల్లోంచి నేల మీదికి జారుతున్నా చూసుకోలేదు. గేటు దగ్గర ఎవరైనా దిగాలి, తియ్యాలి, దాటాక మళ్లీ వెయ్యాలి. అది ఆమెకి తెలీక కాదు. అయినా ఆ గేటు మీంచి చూపు తిప్పలేదు.

గేటు అవతల దుమ్ము మళ్లీ లేచింది. అప్పుడు దుప్పటి దండెం మీద వేసి క్లిప్పు పెట్టింది.